షోగన్ మాట ఎవరిది

2, సోమవారం

ఈ పుస్తకంలో ఇంతకాలం మిల్లు వివరాలే రాశాను. ఏ దుంగ వచ్చింది, ఏ మందాన కోశాం, రంపం ఎప్పుడు సాన పట్టాం, బెల్టు ఎప్పుడు మార్చాం. ముందు పేజీల్లో అది అలాగే సాగుతుంది. వెనక పేజీల్లో ఇది. ఎవరూ పుస్తకాన్ని వెనక నుంచి తిప్పరు.

లారీలాయన మిల్లు కొంటానని మళ్లీ వచ్చాడు. ఆయనకి రంపమూ మోటారూ అక్కర్లేదు, లారీలు నిలుపుకోడానికి స్థలం కావాలి. నెలాఖరులోగా అవుననో కాదనో చెప్పమన్నాడు. మిల్లు మీది గదిలో నేనుంటున్న సంగతి ఆయనకి తెలుసు. దాని ఊసెత్తలేదు.

అక్క ఎప్పుడూ అనే మాటే అంది. "నాదేముంది, ఆయన ఏమంటే అదే."

అందరం బావ వైపు చూశాం. పక్షవాతం వచ్చి నాలుగు నెలలు. కుడి చెయ్యీ కుడి కాలూ ఇంకా స్వాధీనంలోకి రాలేదు. తల ఆడిస్తే అవుననో కాదనో తెలీదు, అదంతట అదే ఊగుతుంది. మాట గొంతులోంచి వస్తుంది గాని పెదవి దగ్గరికొచ్చేసరికి ముద్దయిపోతుంది. ఆ ముద్దలోంచి మాట తీయగలిగేది నేనొక్కణ్ణే. అక్క వల్ల కూడా కాలేదు. ఇందులో నా గొప్పేం లేదు. రంపం తిరుగుతుంటే పక్కవాడు అరిచినా వినపడదు. బావ రంపానికి ఇవతల, నేను అవతల. ఇన్నేళ్లూ పెదాలు చూసుకునే మాట్లాడుకున్నాం. ఆయన పెదవి విడితే చాలు, మిగతాది నేను అందుకునేవాణ్ణి. మాట పూర్తయ్యేదాకా ఆగేవాడి చేతిలో దుంగ వంకర పోతుంది. అలా ఆగేవాడు మిల్లులో పనికిరాడు.

ఈరోజూ పెదవి విడింది. "అమ్మేది లేదంటున్నాడు" అని చెప్పాను.

"ఆలోచించుకోమనండి, నెలాఖరు దాకా టైముందిగా" అంటూ లారీలాయన లేచాడు.

ఆయన వెళ్లాక బావ పళ్లు కొరకడం మొదలుపెట్టాడు. చలిగాలి వస్తోంది. దుప్పటి కప్పాను.

3, మంగళవారం

బెల్టు తెగింది. అతికించాం. బావకి కాఫీ చక్కెర లేకుండా, ఎప్పట్లాగే.

5, గురువారం

మేనకోడలు వచ్చింది. నెలాఖరు దాకా సెలవు పెట్టిందట. పుట్టినప్పటి నుంచీ దాన్ని పిడుగనే పిలుస్తాం, ఉద్యోగం వచ్చాక కూడా. వచ్చీరాగానే నాన్న పక్కన మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఫోన్లో ఎవరితోనో పోట్లాట.

"ఎవరే అది?"

"ఎవరూ కాదు మామయ్యా, మా గుంపు. చరిత్రలో మనుషులు ఏ రకమో తేలుస్తాం. పదహారు రకాలుంటారు. ఒక్కో రకానికీ నాలుగు అక్షరాలు."

"కలపలో కూడా అన్ని రకాలు మనం కొయ్యలేదు."

"నవ్వకు. నీకు జపాన్ గురించి ఏమైనా తెలుసా?"

"వాళ్ల చేతి రంపం లాగితే కోస్తుంది. మనది తోస్తే కోస్తుంది."

"అంతేనా?"

"నాకది చాలు."

అది చెప్పుకుంటూ పోయింది. షోగన్ అంటే సేనాధిపతి. పేరుకి పైన చక్రవర్తి ఉన్నా రాజ్యం నడిపేది షోగనే. తోకుగావా వంశంలో తొమ్మిదోవాడు ఇయెషిగే. పుట్టుకతోనే రోగిష్ఠి. మాట ముద్ద. తమ్ముడు చురుకైనవాడు, వాణ్ణి కూర్చోబెడదామని కొందరన్నా తండ్రి వినకుండా పెద్దవాణ్ణే కూర్చోబెట్టాడట. ఆ షోగన్ మాట ఒక్కడికే అర్థమయ్యేదట. తదామిత్సు అని, చిన్నప్పటి నుంచీ దగ్గరుండి చూసుకున్న కొలువు మనిషి. షోగన్ ఏదో అనేవాడు, ఇతను సభకి చెప్పేవాడు.

నేను బావ కాళ్ల దగ్గర దుప్పటి సర్దుతున్నాను.

"గుంపులో సగం మంది షోగన్ లోపలి మనిషి, లెక్క ప్రకారం నడిచేవాడు అంటున్నారు. సగం మంది కాదు, కళాకారుడి రకం అంటున్నారు. నేనేమంటానంటే..." అని నా వైపు చూసి ఆగిపోయింది.

"ఏమంటావ్?"

"ఏం లేదులే. తర్వాత చెప్తా."

నమ్మకమైనవాడై ఉంటాడు ఆ తదామిత్సు. రాజు మాట మోయడమంటే తేలికా.

6, శుక్రవారం

మాట నేర్పే ఆవిడ వచ్చింది. ఆసుపత్రి వాళ్లు పంపుతారు, వారానికోసారి. వచ్చినప్పుడల్లా నన్ను గదిలోంచి పంపించాలని చూస్తుంది. అక్క వద్దంటుంది, నేను లేకపోతే ఆయన ఏమంటున్నాడో ఎవరు చెప్తారని.

ఆవిడ బావని అడిగింది, "ఈ వారం ఎలా ఉందండీ?"

బావ నోరు తెరిచాడు. "ఫర్వాలేదంటున్నాడు" అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగింది. "మీరు చెప్పింది నాకు బాగా అర్థమైందండీ. ఆయన చెప్పింది అర్థం కాలేదు."

పిడుగు కిసుక్కుమంది. నాకు ఒళ్లు మండింది.

"ఆయన మొదలుపెట్టాక మీరు ఆగాలి. ఎంతసేపైనా సరే. మీరు అందిస్తుంటే ఆ నోటికి పనెక్కడిది?"

చదువుకున్నావిడ. రంపం ముందు నిలబడి ఎరగదు. క్రితంసారి బొమ్మల అట్టలు తెచ్చింది, నీళ్ల బొమ్మ, అన్నం బొమ్మ, మంచం బొమ్మ. నేనేమైనా చిన్నపిల్లాణ్ణా అని బావ అన్నాడు. బీరువా పైన పెట్టేశాను.

8, ఆదివారం

మిల్లు సెలవు. మధ్యాహ్నం పిడుగు ఒక ఆట పెట్టింది. షోగన్ రకం తేలాలంటే ముందు నాన్న రకం తేల్చాలట. దానికీ దీనికీ సంబంధం ఏమిటంటే చెప్పదు. ఫోన్లో ప్రశ్నలున్నాయి. చదువుతుంది, నాన్న నోరు తెరుస్తాడు, నేను చెప్తాను.

"నలుగురిలో ఉంటే నీకు హుషారా నాన్నా, ఒక్కడివే ఉంటే హుషారా?"

"ఒక్కడే ఉంటే."

"ఎక్కడికైనా వెళ్లాలంటే ముందే అనుకుంటావా, బుద్ధి పుట్టినప్పుడు వెళ్లిపోతావా?"

"ముందే అనుకుంటాడు."

"చేస్తున్న పని నచ్చకపోతే వదిలేస్తావా?"

"వదలడు."

అక్క కూరలు తరుగుతూ అంది, "పెళ్లైన కొత్తలో చెప్పాపెట్టకుండా బండెక్కించి ఎక్కడెక్కడికో తీసుకెళ్లేవారు. దిగాక చూసుకునేవాళ్లం ఏ ఊరో."

"అది అప్పుడక్కా" అన్నాను.

చివరికి నాలుగు అక్షరాలు వచ్చాయి. ఐ, ఎస్, టీ, జే. లోపలి మనిషి, కంటికి కనపడిందే నమ్ముతాడు, మనసు కంటే న్యాయం చూస్తాడు, అన్నీ వరసలో ఉండాలి. బావ అచ్చం అంతే. ఆ ఫోను దేన్ని చూసి చెప్పిందో గాని సరిగ్గా చెప్పింది.

బావ పళ్లు కొరికాడు, చాలాసేపు. ఈ కూర్చోబెట్టడం వల్ల నడుం నొప్పి అయ్యుంటుంది.

9, సోమవారం

కోత మామూలే.

11, బుధవారం

దగ్గు. రంపపు పొట్టు వల్లే. మిల్లు మూసేసరికి ఎక్కువైంది. అక్క మిరియాల కషాయం కాచి ఇచ్చింది. "నీకేమైనా అయితే ఈయన గతేమిట్రా" అంది. నా దగ్గు గురించి కాదు ఆవిడ బెంగ. తప్పేం లేదు.

పిడుగుని నేనే అడిగాను. "ఆ తదామిత్సు చివరికి ఏమయ్యాడు?"

"చచ్చిపోయాడు."

"షోగన్?"

"ఆ ఏడే గద్దె దిగిపోయాడు. కొడుకుని కూర్చోబెట్టి."

"మరి. మాట మోసేవాడు పోతే ఏం చేస్తాడు."

"లేదా దిగాలని ఎప్పటినుంచో ఉందేమో మామయ్యా. దిగుతానన్నా ఆ మాట ఇతను సభకి చెప్పలేదేమో."

"అంత నమ్మకంగా ఉన్నవాణ్ణి పట్టుకుని ఏం మాటలే అవి?"

"నేనేమన్నానూ? తెలీదంటున్నానంతే. ఎవరికీ తెలీదు. ఆయన అన్నవన్నీ ఇతను అన్నవే కదా. ఒక్కటి మాత్రం ఉంది. పోయిన శతాబ్దంలో సమాధి తవ్వి చూశారు. పళ్లు బాగా అరిగిపోయి ఉన్నాయట. జీవితమంతా కొరుక్కున్నాడన్నమాట."

రోగం వల్ల, అన్నాను. డాక్టర్లూ అదే అన్నారట. పుట్టుకతో వచ్చిన జబ్బు అని.

చూశావా, అన్నాను.

13, శుక్రవారం

రంపం సాన పడుతున్నాను. పిడుగు వచ్చి దుంగ మీద కూర్చుంది. మోటారు ఆపి ఉంది కాబట్టి మాటలు తప్పించుకోలేను.

"నీ రకం చూద్దాం మామయ్యా."

"నేనేం షోగన్నా?"

"అడిగినవాటికి చెప్పు చాలు."

చేతిలో పని ఉంటే నాకు మాటలు జారతాయి. అడిగినవాటికల్లా చెప్పాను. అది టకటకా నొక్కుతూ పోయింది. తర్వాత ఫోను నా ముఖం ముందు పెట్టింది. ఐ, ఎస్, టీ, జే.

"బావా నేనూ ఒకటే రకం. ఇన్నేళ్లు కలిసి పనిచేశాం, ఒకటి కాకపోతే ఎలా."

"అక్షరాలు కలవడం కాదు. ప్రశ్నప్రశ్నకీ చూడు. ఒక్కటంటే ఒక్కటి కూడా తేడా లేదు."

"అయితే?"

"ఆదివారం నువ్వు నాన్న గురించి చెప్పలేదు మామయ్యా. నీ గురించి చెప్పావు."

ఆకురాయి జారి వేలికి తగిలింది. గుడ్డ చుట్టుకున్నాను. అది కంగారుపడి లేచింది. ఏం ఫర్వాలేదు కూర్చో అన్నాను, కూర్చోలేదు.

"అమ్మకి చెప్పావా?"

"లేదు."

"మీ నాన్న నన్ను ఏ రోజైనా కాదన్నాడా? ఇన్నేళ్లలో? నేను తప్పుగా చెప్తే ఊరుకుంటాడా?"

"ఎలా కాదంటాడు మామయ్యా? అది కూడా నువ్వే కదా చెప్పాలి."

పిడుగు అని పేరు పెట్టింది నేనే.

14, శనివారం

కోత లేదు.

15, ఆదివారం

అక్క ఇంటికి వెళ్లలేదు. దగ్గని కబురు చేశాను.

మిల్లు పెట్టినప్పుడు బావ నన్నే ఎందుకు పిలిచాడు? నేను ఆయన మనసులోది ముందే పట్టేస్తానని. ఎన్నోసార్లు తనే అన్నాడు, మా బావమరిది ఉంటే నాకు నోటితో పనిలేదని. పదిమందిలో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

నవ్వుతూనే.

మిల్లు ఉండాలని ఆయనకి కాక ఇంకెవరికుంటుంది? నాకేముంది, పైన ఒక గది. ఒక మంచం. కిటికీలోంచి దుంగల కుప్ప కనపడుతుంది. పొద్దున లేవగానే పచ్చి కలప వాసన. ఇవి ఎక్కడైనా దొరుకుతాయి.

16, సోమవారం

ఎక్కడా దొరకవు.

17, మంగళవారం

రెండ్రోజులు పోకపోయేసరికి ఇల్లంతా మారిపోయినట్టుంది. అక్క బావకి కాఫీ తాగిస్తోంది. నన్ను చూసి నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. నోట్లో పోసుకుంటే చేదు. చక్కెర లేనిది.

"నాకు ఇచ్చింది బావదక్కా."

"అయ్యో, గ్లాసులు మారాయి కాబోలు. నువ్వు చక్కెర లేకుండానే కదరా తాగేది?"

అవును. చక్కెర లేకుండా తాగేది నేనే. దగ్గని ఈ మధ్య వేసుకుంటున్నాను. బావ మొదట్నుంచీ ఎలా తాగేవాడో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. మిల్లులో కాఫీ తెచ్చి ఇచ్చేది నేనే. ఒకే ఫ్లాస్కు.

బావ మొత్తం తాగేశాడు. అడుగున కరగని చక్కెర కోసం ఎడమచేత్తో గ్లాసు వంచి వంచి నాలుక చాచాడు. అక్క చూసి నవ్వింది. "ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంత ఇష్టంగా తాగడం ఇదే."

ఇంటికొచ్చిన రోజున చక్కెర వద్దంటున్నాడని అక్కకి చెప్పింది నేను.

మాట నేర్పే ఆవిడ మొదట్లోనే చెప్పింది, తీపికీ ఈ జబ్బుకీ సంబంధం లేదు, ఆయనకి చక్కెర జబ్బు లేదు అని. అది నాకు వినపడింది. వినపడలేదని రాయను.

19, గురువారం

మధ్యాహ్నం పనివాళ్లు అన్నానికి వెళ్లాక రెండు ముక్కలు చేశాను. ఒకటి టేకు, ఒకటి దేవదారు. అరచేతిలో పట్టేంత. మూలలు గుండ్రంగా తీసి నున్నగా పట్టాను. టేకు బరువు, ముదురు రంగు. దేవదారు తేలిక, లేత రంగు. బావ కళ్లు మూసుకున్నా తేడా పట్టగలడు. ఇన్నేళ్లూ ఆయన చేతులు చేసింది అదే పని. బొమ్మల అట్టల కంటే మేలు.

ఎందుకు చేస్తున్నావని నన్ను నేను అడగలేదు. చేశాక పిడుగుకి ఇచ్చాను. టేకు అవును, దేవదారు కాదు, అని చెప్పాను. అది రెండూ అటూఇటూ తిప్పి చూసింది. నన్ను మామయ్యా అని మాత్రం అంది, ఊరికే.

"ఆదివారం పెట్టు" అన్నాను. "నేను వెనక కూర్చుంటాను. ఆయనకి నేను కనపడకూడదు, నాకు ఆయన కనపడకూడదు."

22, ఆదివారం

వరసగా రాయాలి. మళ్లీ నాకే వేరేలా గుర్తుంటుంది.

బావని వాలు కుర్చీలో కూర్చోబెట్టారు. ఒళ్లో పళ్లెం, దాని పక్కన రెండు ముక్కలు. అక్క ఎదురుగా. పిడుగు మోకాళ్ల దగ్గర, కింద. నేను వెనక, గోడవైపు తిరిగి. అక్కకి ఇదేం ఆటో అర్థం కాలేదు. "తమ్ముణ్ణి ఏం చేశారే, గోడకుర్చీ వేయించారు?" అంది.

"నాన్నా, అవునంటే టేకు పెట్టు. కాదంటే దేవదారు. తొందరేం లేదు. నలుగురిలో ఉంటే నీకు హుషారుగా ఉంటుందా?"

నేను చూడకూడదనుకున్నాను గాని ఒక సంగతి మరచిపోయాను. ఏ చెక్క దేనికి తగిలినా అది ఏ చెక్కో నా చెవికి తెలుస్తుంది. పళ్లెంలో ముక్క పడింది. బరువైన చప్పుడు. టేకు.

"నలుగురిలోనా?" అక్క అడిగింది. "మీరా?"

మళ్లీ టేకు.

"ముందే అనుకుని వెళ్లడం ఇష్టమా?"

దేవదారు.

ఒక్కొక్కటీ అడిగింది. ఒక్కొక్కటీ పడింది. నేను చెప్పినవాటిలో నిలబడినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. నాకు తెలిసిన బావ మాట్లాడని మనిషి. మాట్లాడని మనిషి కాదట. రంపం పక్కన నిలబెట్టిన మనిషి.

పిడుగు ఆపేసింది. అక్క ముక్కు ఎగబీల్చింది, చెంగుతో కళ్లు తుడుచుకుంటోందనుకున్నాను. అప్పుడు అక్క తనంతట తాను అడిగింది. ఎవరూ చెప్పలేదు.

"ఏమండీ, మిల్లు అమ్మేద్దామా?"

ఏ చప్పుడూ లేదు. ఇలాంటి చోటే నేను అందుకుంటాను. నోట్లోకి మాట వచ్చేసింది కూడా. కుర్చీ కోడు పట్టుకుని కూర్చున్నాను. గోడమీద సున్నం పెచ్చు లేచి ఉంది, దాన్నే చూశాను. బయట ఎవరో బకెట్టు ఈడ్చుకుపోయారు.

టేకు.

"ఇప్పుడు అనిపించిందా నాన్నా, ముందునుంచీనా? ముందునుంచీ అయితే టేకు."

తీసి మళ్లీ పెట్టాడు. గట్టిగా.

అప్పుడు బావ ఏదో అన్నాడు, ముద్దగా. అందరూ నావైపు తిరిగారని వీపుకి తెలిసింది.

"ఏమంటున్నారురా?" అక్క.

"నాకు పెదవి కనపడలేదక్కా."

"అయితే ఇటు తిరుగు."

తిరిగాను. కుర్చీ చుట్టూ వచ్చి ఎదురుగా నిలబడ్డాను. బావ మళ్లీ మొదలుపెట్టాడు. పెదవి విడింది. 'ను' అని. అక్కణ్ణుంచి నాకు దారులు తెలుసు. నువ్వు చెప్పు. నువ్వే చూసుకో. నువ్వుండగా ఎందుకమ్మడం. ఏదన్నా నమ్ముతారు. అక్క ఇప్పటికీ నమ్ముతుంది.

కూర్చున్నాను. కింద, పిడుగు పక్కన.

ఆయన ముఖమంతా ఆ మాటకోసం మెలితిరిగింది. చెమట పట్టింది. పక్కన పెట్టిన కాఫీ మీద మీగడ కట్టింది. సగంలో ఆగి ఊపిరి తీసుకుని మళ్లీ మొదటికి వెళ్లాడు. పళ్లు కొరికాడు. ఇంత దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలేదు. చలికి కొరికే పళ్లు కావు అవి.

"నువ్వు... ఎక్కడ... ఉంటావ్?"

నాకే కాదు, అందరికీ అర్థమైంది.

"ఎక్కడుంటాడేమిటండీ, ఇక్కడే ఉంటాడు, మన..." అని అక్క అందుకుంది.

బావ ఎడమచెయ్యి ఎత్తాడు. రంపం దగ్గర దుంగ ఆపమనడానికి ఎత్తినట్టే. అక్క ఆగిపోయింది. చెయ్యి దించలేదు. నావైపే చూస్తున్నాడు.

నాకోసం ఆగాడు. ముగ్గురూ ఆగారు.

నాకు మాట రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. ఎవరూ అందివ్వలేదు.

"తెలీదు బావా" అన్నాను.

23, సోమవారం

లారీలాయనకి కబురు పంపాం. కోత మామూలే.

26, గురువారం

మాట నేర్పే ఆవిడ రేపు కాకుండా ఈరోజే వచ్చింది. బొమ్మల అట్టలు బీరువా పైనుంచి దించి తుడిచి ఇచ్చాను. "ఇవి ఎక్కడికి పోయాయనుకున్నాను" అంది. ఆయన వద్దనలేదని చెప్పాను. గదిలోంచి నేనే బయటికి వచ్చాను.

28, శనివారం

చివరి దుంగ కోశాం. పనివాళ్లు మోటారు ఆపాక చెవులు గుయ్యిమన్నాయి. చాలాసేపు.

పిడుగు రేపు వెళ్లిపోతుంది. దాని గుంపులో షోగన్ లెక్క ఇంకా తేలలేదట.

"నువ్వేం రాస్తావ్?" అని అడిగాను.

"నువ్వు చెప్పు. నీకంటే బాగా ఎవరికి తెలుసు."

అది ఎత్తిపొడుపో కాదో తెలియలేదు. ఆలోచించాను.

"ఆ నాలుగు అక్షరాలూ తదామిత్సువి. ఆయనవి తెలీదని రాయి."

"తెలీదు అంటే మా వాళ్లు ఒప్పుకోరు మామయ్యా. పదహారింట్లో ఏదో ఒకటి నొక్కాలి."

"అయితే నొక్కకు. పళ్లు మాత్రం ఆయనవే అని రాయి."

నవ్వుతుందనుకున్నాను. ఫోను మూసి పక్కన పెట్టేసింది.

30, సోమవారం

సామాను అక్క వాళ్ల ముందుగదిలోకి చేర్చాను. కొంతకాలం ఇక్కడే అన్నాను. ఆ తర్వాత సంగతి ఇంకా తెలీదనే చెప్పాను, బావ తలూపాడు. ఈసారి ఊగడం కాదనుకుంటాను. అనుకుంటాను, అంతే.

వీధి గది ఇది. అటూ ఇటూ పోయేవాళ్లు కనపడుతుంటారు. సాయంత్రం బావ కుర్చీ గుమ్మం దాకా లాగమన్నాడు. లాగనా అని అడిగితే టేకు పెట్టాడు. దారినపోయే ప్రతివాడినీ పలకరించాడు. ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు. వాళ్లు ఆగి, తలూపి, ఏదో చెప్పి పోయారు. కాఫీ తెచ్చాను, ఆయనది తీపి, నాది చేదు.

తర్వాత నాతో ఏదో మొదలుపెట్టాడు. సగంలో ఆగాడు.

నేనూ ఆగాను.